పదికి ఒకటి – జిగురు యంత్రం నేర్పిన పాఠం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ నుంచి కబురు వచ్చినప్పుడు మేము నలుగురం కూర్చొని ఆలోచించాం. మాలో ఎవరమూ రచయితలం కాదు. కథలు, కవితలు రాసే మిత్రులు మన హాస్టల్లో ఎలాగూ ఉన్నారు. కాబట్టి మేము రోజూ చేసే పని గురించే రాద్దామనుకున్నాం. మేము నలుగురం ఈ హాస్టల్లో ఉండి పదో తరగతి పాసైన వాళ్లమే. గద్వాల వైపు నుంచి ఒకడు, నాగర్‌కర్నూల్ అవతల అచ్చంపేట వైపు నుంచి ఒకడు, వనపర్తి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇద్దరు. తర్వాత ఇద్దరం ఐటీఐ, ఇద్దరం పాలిటెక్నిక్ చదివాం. ఇప్పుడు హైదరాబాద్ శివారులో పెద్ద భవనాలకు అద్దాల గోడలు తయారుచేసే షెడ్డులో పనిచేస్తున్నాం. మా పని అద్దానికి, అల్యూమినియం ఫ్రేముకు మధ్య సిలికాన్ నింపే యంత్రాన్ని నడపడం.

ఊరికి వచ్చి ఈ మాట చెబితే చాలామంది నవ్వుతారు. "గమ్ము పెట్టే పనికి డిప్లొమా ఎందుకురా?" అంటారు. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

బంక మనకు కొత్తేమీ కాదు

అమ్రాబాద్, మన్ననూరు వైపు నల్లమలలో చెంచులు తపసి చెట్టు నుంచి బంక తీస్తారు. గిరిజన సహకార సంస్థ దాన్ని కొంటుంది. మందుల్లోనూ, కట్టుడు పళ్లను చిగుళ్లకు పట్టి ఉంచే పొడిలోనూ ఆ బంకను వాడతారు. గద్వాల చీర నేసే ఇంట్లో పడుగుకు గంజి పట్టిస్తారు. పోగులోని సన్నని నూలు విడిపోకుండా ఆ గంజి పట్టి ఉంచుతుంది. చిరిగిన పుస్తకాలకు మనం తుమ్మబంక రాశాం, పతంగులకు అన్నం మెతుకులు పూశాం.

అన్నిటికంటే మంచి పాఠం సైకిల్ పంచర్ షాపులో ఉంది. ఆయన ముందు ట్యూబును గరుకు కాగితంతో రుద్దుతాడు. తర్వాత సొల్యూషన్ పలుచగా పూస్తాడు. వెంటనే అతికించడు. కొంచెం ఆరనిచ్చి, అప్పుడు ముక్క పెట్టి గట్టిగా అదుముతాడు. ఇందులో మూడు సూత్రాలున్నాయి. అతికే చోటు శుభ్రంగా ఉండాలి. జిగురు సరైన కొలతలో ఉండాలి. సరైన సమయానికి అతకాలి. కోట్ల రూపాయల కర్మాగారంలోనైనా సూత్రాలు ఈ మూడే.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. రెండు వస్తువులను కలిపి పట్టి ఉంచేది జిగురు. సందులోంచి నీరు, గాలి, దుమ్ము రాకుండా మూసేది సీలెంట్. స్నానాల గదిలో పలక సందుల్లో నింపేది సీలెంట్. చెక్కకు చెక్కను పట్టించే ఫెవికాల్ జిగురు. మేము వాడే సిలికాన్ ఈ రెండు పనులూ చేస్తుంది. అద్దం బరువు మోస్తుంది, వాననూ ఆపుతుంది.

చేతి గన్ను ఎందుకు చాలదు?

హార్డ్‌వేర్ షాపులో దొరికే సిలికాన్ ట్యూబు మీరు చూసే ఉంటారు. దాన్ని గన్నులో పెట్టి ట్రిగ్గర్ నొక్కితే బయటికి వస్తుంది. ఒక ట్యూబులో 300 మిల్లీలీటర్లు ఉందనుకుందాం. అంటే 3,00,000 ఘనపు మిల్లీమీటర్లు. సందు వెడల్పు 6, లోతు 6 మిల్లీమీటర్లయితే అడ్డుకోత వైశాల్యం 36 చదరపు మిల్లీమీటర్లు. భాగిస్తే ఒక ట్యూబు 8.3 మీటర్ల పొడవు వస్తుంది. చెయ్యి కాస్త ఎక్కువ నొక్కి 7కు 7 చేస్తే వైశాల్యం 49 అవుతుంది, ట్యూబు 6.1 మీటర్లకే అయిపోతుంది. ఒక్క మిల్లీమీటరు తేడాకు రెండు మీటర్లకు పైగా నష్టం! పోనీ 5కు 5 చేస్తే 12 మీటర్లు వస్తుంది. కానీ అతుకు బలహీనపడుతుంది.

పొద్దున మొదటి గంటలో చెయ్యి సరిగ్గానే నొక్కుతుంది. మధ్యాహ్నానికి బొటనవేలు, మణికట్టు గుంజుతాయి. సాయంత్రానికి సందులో ఒకచోట ముద్ద, ఒకచోట ఖాళీ. చేసేవాడి తప్పు కాదు, చెయ్యి అంతే. యంత్రం పుట్టింది ఈ అలసట దగ్గరే.

దీనికి ఒక మంచి కథ ఉంది. అమెరికాలో మినియాపొలిస్ అనే నగరంలో చలి చాలా ఎక్కువ. అక్కడ రసెల్ గ్రే అనే ఆయన కార్లు నిలిపే స్థలంలో పనివాడు. ఆ రోజుల్లో కార్లకు చేతి గన్నుతో గ్రీజు పెట్టేవారు. చలికి గ్రీజు గడ్డకట్టి ఎంత నొక్కినా వచ్చేది కాదు. ఆయన ఆలోచించి, గాలి ఒత్తిడితో పనిచేసే గ్రీజు గన్ను తయారుచేశాడు. సోదరుడు లీల్ గ్రేతో కలిసి 1926లో ఒక కంపెనీ పెట్టాడు. అదే నేటి గ్రాకో. పెయింటు, జిగురు, సీలెంటు పంపుల్లో ప్రపంచమంతా తెలిసిన పేరు. కార్ల దగ్గర పనిచేసే మనిషికి వచ్చిన ఇబ్బందిలోంచి ఒక పరిశ్రమ పుట్టింది. ఇది మనం మరిచిపోకూడని సంగతి.

గ్రీజు గడ్డకట్టడం మనకూ తెలుసు. చలికాలంలో కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టి రాసుకున్నవాళ్లమే. జిగురైనా అంతే. వేడికి పలచబడుతుంది, చలికి చిక్కబడుతుంది. ఇలా ద్రవం కదలడానికి ఇష్టపడని గుణాన్ని స్నిగ్ధత అంటారు. నీటి స్నిగ్ధత 1 అనుకుంటే, తేనెది వేలల్లో ఉంటుంది. సిలికాన్ పేస్టుది లక్షల్లో. దాన్ని కదిలించాలంటే మామూలు పంపు చాలదు.

యంత్రం లోపల ఏముంటుంది?

మొదట డ్రమ్ము పంపు. 200 లీటర్ల డ్రమ్ము పైన సరిగ్గా సరిపోయే గుండ్రటి పళ్లెం దిగుతూ మెటీరియల్‌ను అదుముతుంది. మధ్యలోని పంపు దాన్ని గొట్టంలోకి తోస్తుంది. దీని వెనుక ఉన్న లెక్క హైస్కూలు భౌతికశాస్త్రమే. ఒత్తిడి అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం. పైన గాలి తోసే పిస్టన్ వైశాల్యం, కింద మెటీరియల్ తోసే పిస్టన్ వైశాల్యానికి 30 రెట్లు ఉందనుకోండి. 5 బార్ల గాలి ఇస్తే రాపిడి పోను దాదాపు 150 బార్ల ఒత్తిడి వస్తుంది. పరీక్షలో రెండు మార్కులకు రాసిన సూత్రం, ఇక్కడ రోజంతా పనిచేస్తూ కనిపిస్తుంది.

రెండవది కొలిచే పంపు. చిన్న పనులకు, ఉదాహరణకు సెల్‌ఫోను భాగాలకు, సిరంజిలో జిగురు నింపి గాలిని కొన్ని క్షణాలు కొట్టి చుక్క పెడతారు. ఇది చవక. కానీ సిరంజి నిండుగా ఉన్నప్పుడు పడిన చుక్క, అడుగంటినప్పుడు పడే చుక్క ఒకటి కావు. వాతావరణం వేడెక్కినా చుక్క మారుతుంది. అందుకే కచ్చితం కావాల్సిన చోట పళ్ల చక్రాల పంపు గానీ, మర పంపు గానీ వాడతారు. అవి గిన్నెతో కొలిచి పోసినట్టు, ఒక్కో చుట్టుకు ఇంత అని పరిమాణాన్నే కొలిచి పంపుతాయి.

మూడవది కలిపే గొట్టం. మా సిలికాన్ రెండు భాగాలు. తెల్లది అసలు పదార్థం, నల్లది గట్టిపరిచేది. చాలా రకాల్లో పది పాళ్ల తెల్లదానికి ఒక పాలు నల్లది. ఈ రెండూ గన్ను కొసన ఒక గొట్టంలో కలుస్తాయి. ఆ గొట్టంలో కదిలే భాగం ఒక్కటీ ఉండదు. మెలితిప్పిన చిన్న చిన్న రేకులు వరుసగా ఉంటాయి. ప్రతి రేకు ప్రవాహాన్ని రెండుగా చీల్చి మళ్లీ కలుపుతుంది. ఒక రేకు దాటితే 2 పొరలు, రెండు దాటితే 4, మూడు దాటితే 8. పది రేకులకు 1,024. ఇరవై రేకులకు 10,48,576! ఘాతాంకాల పాఠం ఎందుకు పనికొస్తుందని మేమూ ఒకప్పుడు అడిగినవాళ్లమే.

నాలుగవది కదిలే చెయ్యి. గన్నును మనిషి పట్టుకోవచ్చు, లేదా రోబో పట్టుకోవచ్చు. ఇక్కడ మీ ఇంట్లో అమ్మ, అక్క వేసే ముగ్గును తలుచుకోండి. వేళ్ల మధ్య నుంచి పిండి జారే వేగం, చెయ్యి నడిచే వేగం సరిపోతేనే గీత ఒకే మందంలో వస్తుంది. మలుపు దగ్గర చెయ్యి నెమ్మదిస్తుంది. అప్పుడు పిండి కూడా తగ్గించకపోతే అక్కడ ముద్ద పడుతుంది. అమ్మ వేళ్లకు ఆ లెక్క అలవాటుగా వస్తుంది. యంత్రానికి మనం చెప్పాలి. సూత్రం ఇంతే: సెకనుకు కావాల్సిన మెటీరియల్ = అడ్డుకోత వైశాల్యం × కదిలే వేగం. సందు 12కు 6 అయితే 72 చదరపు మిల్లీమీటర్లు. చెయ్యి సెకనుకు 50 మిల్లీమీటర్లు నడిస్తే సెకనుకు 3,600 ఘనపు మిల్లీమీటర్లు, అంటే 3.6 మిల్లీలీటర్లు కావాలి. మూలలో వేగం సగమైతే పంపు కూడా సగం కావాలి.

ఆ రాత్రి జరిగింది

ఇప్పుడు అసలు సంగతి చెబుతాం. ఇది మేము ఇంతకుముందు పనిచేసిన మరో షెడ్డులో, చేరిన మొదటి ఏడాది జరిగింది. అక్కడ రోజూ యంత్రం మొదలుపెట్టినప్పుడు, డ్రమ్ము మార్చినప్పుడు రెండు పరీక్షలు చేయాలని గోడ మీద రాసి ఉండేది.

మొదటిది కాగితం పరీక్ష. తెల్ల కాగితాన్ని మధ్యకు మడిచి విప్పి, మడత మీద ఒక ముద్ద పెట్టి, మళ్లీ మడిచి అదమాలి. విప్పితే సీతాకోకచిలుక రెక్కల్లా పరుచుకుంటుంది. అందుకే దానికి బటర్‌ఫ్లై టెస్ట్ అని పేరు. అంతా ఒకే నలుపు ఉంటే బాగా కలిసినట్టు. తెల్ల చారలు కనిపిస్తే కలవనట్టు. రెండవది పుల్ల పరీక్ష. చిన్న కప్పులో మెటీరియల్ పట్టి పుల్ల గుచ్చి, కొన్ని నిమిషాలకొకసారి పైకి లాగాలి. మొదట్లో దారంలా సాగుతుంది. గట్టిపడే వేళకు సాగకుండా తెగుతుంది. ఎన్ని నిమిషాలకు తెగిందో పుస్తకంలో రాయాలి. ఆ సమయం రోజూ ఉండేదానికంటే బాగా పెరిగినా తగ్గినా పాళ్లు తప్పినట్టే.

ఆ రోజు రాత్రి షిఫ్టు. తెల్లారేసరికి లారీ లోడు కావాలి. మధ్యలో నల్ల డబ్బా అయిపోతే మార్చాం. మార్చేటప్పుడు గొట్టంలోకి గాలి చొరబడింది. పరీక్షలు చేయలేదు. టైం లేదన్నారు, మేమూ సరేనన్నాం. పైకి చూస్తే రంగు నల్లగానే ఉంది. తెల్లారేసరికి 11 ప్యానెళ్లు అయిపోయాయి.

టీ తాగే ముందు మాలో ఒకడు రాత్రి మొదట చేసిన ప్యానెల్ అంచును వేలితో నొక్కి చూశాడు. వేలికి అంటుకుంది. అప్పటికి పైపొర ఆరిపోవాలి. వాడు కాసేపు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. మేమంతా కాంట్రాక్టు మనుషులం. కానీ వాడు ఒక కాగితం తెచ్చి మడిచి అదిమి మా ముందు విప్పాడు. రెక్కల నిండా తెల్ల చారలు.

ఒక ప్యానెల్ లెక్క వినండి. అద్దం ప్రతి చదరపు మీటరుకు, ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోల బరువు ఉంటుంది. మా ప్యానెల్ వెడల్పు మీటరున్నర, ఎత్తు 3 మీటర్లు. ఆరేసి మిల్లీమీటర్ల అద్దాలు రెండు. 4.5 × 12 × 2.5 అంటే 135 కిలోలు. అది పదో అంతస్తులో వేలాడుతుంది. కింద ఫుట్‌పాత్ ఉంటుంది. టీ బండి ఉంటుంది. కూలీకి వచ్చిన మనలాంటి వాళ్లే అక్కడ నిలబడి ఉంటారు.

లారీ ఆపించాం. తిట్లు తిన్నాం. 11 ప్యానెళ్లనూ కోసి, గీకి, తుడిచి, మళ్లీ నింపడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల కూలీ మాకు రాలేదు. తప్పు యంత్రానిది కాదు. అది ఇచ్చింది ఇచ్చినట్టే పంపింది. అడగాల్సిన ప్రశ్న అడగనిది మేము. ఆ కాగితాన్ని మేమింకా దాచుకున్నాం. "గమ్ము పెట్టే పనికి చదువెందుకు" అని ఎవరైనా అంటే మాకు ఆ కాగితమే గుర్తొస్తుంది.

ఈ పని ఎక్కడెక్కడ ఉంది?

కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మనందరికీ తెలిసిన దారే. అదే దారిలో ఇంకా దక్షిణంగా పోతే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం ఉంది. 2019లో అక్కడ కార్ల ఉత్పత్తి మొదలైంది. ఈ కాలపు కార్లలో ముందు అద్దాన్ని మరలతో బిగించరు, పాలియురెథేన్ జిగురుతో అతికిస్తారు. అది గాలిలోని తేమను పీల్చుకొని గట్టిపడుతుంది. జిగురు వేసిన కొద్ది నిమిషాల్లోనే అద్దం కూర్చోవాలి. చాలా కార్లలో ప్రమాదం జరిగినప్పుడు పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ ఆనుకొని నిలబడేది ఆ అద్దానికే. అతుకు ఊడితే సంచీ తెరుచుకొని కూడా లాభం ఉండదు.

మన పాత జిల్లా కేంద్రం మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా సంస్థ లిథియం బ్యాటరీల పరిశ్రమకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. విద్యుత్ వాహనాల బ్యాటరీ పెట్టెల్లో వేడిని బయటికి లాగే పేస్టులు, నీరు చొరకుండా ఆపే సీలెంట్లు యంత్రాలతోనే వేస్తారు. సోలార్ పలకల ఫ్రేముల్లో, వెనుక ఉండే వైర్ల డబ్బా దగ్గర కూడా సిలికాన్ ఉంటుంది. ఆసుపత్రిలో వాడే సిరంజి సూదిని ప్లాస్టిక్‌కు పట్టి ఉంచేది కూడా ఒక చుక్క జిగురే.

జాగ్రత్తలు

150 బార్ల ఒత్తిడి అంటే ఆట కాదు. గొట్టానికి సన్నని చిల్లి పడితే వచ్చే ధార చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట తక్కువే. అలా జరిగితే పసుపు పెట్టుకొని కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి పోయి, ఏ మెటీరియల్ ఎంత ఒత్తిడితో కొట్టిందో డాక్టరుకు చెప్పాలి. ఆలస్యమైతే వేలు, చెయ్యి పోయే ప్రమాదం ఉంది. కొన్ని పాలియురెథేన్ జిగుర్లలోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకు పడవు, ఆస్తమా తెప్పిస్తాయి. గాలి ఆడే చోటు, చేతి తొడుగులు, కళ్లద్దాలు, అవసరమైన చోట సరైన మాస్కు మన హక్కు. అడిగి తీసుకోవాలి.

చివరగా ఒక మాట

యంత్రం వస్తే మనుషులు తగ్గుతారన్నది నిజం. దాచడం ఎందుకు? ఒకప్పుడు మా లైన్లో ఆరుగురు గన్ను పట్టేవారు. ఇప్పుడు ఆ పని మేమిద్దరం యంత్రంతో చేస్తున్నాం. మిగతా నలుగురిలో గేజి చదవడం, పాళ్లు లెక్కగట్టడం నేర్చుకున్న ఇద్దరు వేరే యంత్రాల మీదికి వెళ్లారు. నేర్చుకోని ఇద్దరు పని మానేయాల్సి వచ్చింది. వాళ్లు మాకంటే తెలివి తక్కువ వాళ్లు కాదు. బడి మధ్యలో ఆగిపోయింది, అంతే.

మన తాతలు పాలమూరు లేబర్ పేరుతో దేశంలోని ఎన్నో డ్యాములకు మట్టి మోశారు. మన నాయినలు, అమ్మలు హైదరాబాద్ భవనాలకు ఇటుకలు మోశారు. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత ఆ చుట్టూ వరుసగా అద్దాల మేడలు లేచాయి. ఆ మేడల కింద గంప పట్టినవాళ్ల పిల్లలం, ఈ రోజు ఆ అద్దం నిలబడుతుందో లేదో చెప్పే పనిలో ఉన్నాం. ఇది చిన్న మార్పు కాదు. ఈ మార్పు మన హాస్టల్ స్టడీ అవర్‌లోనే మొదలైంది.

పదో తరగతి తర్వాత పాలిసెట్ రాయండి. వనపర్తి రాజుల ప్యాలెస్‌లో 1959లో మొదలైన కె.డి.ఆర్. ప్రభుత్వ పాలిటెక్నిక్ మన దగ్గరే ఉంది. మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఏది చదివినా ఈ రంగానికి దారి ఉంది. ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ చేసినా సరే. నిష్పత్తులు, వైశాల్యం, ఘనపరిమాణం, ఒత్తిడి – ఈ నాలుగు పాఠాలను మాత్రం బట్టీ పట్టకండి, అర్థం చేసుకోండి.

మీరే చేసి చూడండి

1. చుట్టుకొలత 9 మీటర్లు ఉన్న ప్యానెల్‌కు 12కు 6 మిల్లీమీటర్ల సందు నింపాలి. మొత్తం ఎన్ని మిల్లీలీటర్లు? పదికి ఒకటి చొప్పున తెల్లది ఎంత, నల్లది ఎంత? (పదకొండుతో భాగించాలి, పదితో కాదు. మేము మొదట చేసిన తప్పు అదే.)

2. పాలిథిన్ కవర్ మూలకు చిన్న కత్తిరింపు పెట్టి గోధుమపిండి జావతో నేల మీద గీత గీయండి. ఒకే మందంలో రెండు మీటర్లు గీయగలరా? మలుపు దగ్గర ఏమైంది?

3. అదే జావను చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి ప్రయత్నించండి. తేడా నోటుబుక్కులో రాయండి.

మొదటి లెక్కకు జవాబు 648 మిల్లీలీటర్లు. తెల్లది సుమారు 589, నల్లది సుమారు 59. రెండవ, మూడవ ప్రశ్నల జవాబులు వచ్చే వార్షికోత్సవానికి మేము వచ్చినప్పుడు మీ నోటుబుక్కుల్లో చూస్తాం. నేల కడిగే పని మాత్రం కామాటి అన్న మీద వేయకండి, మీరే కడగండి.

మీ అన్నలు,
హాస్టల్ పూర్వ విద్యార్థులు